పడవ లేని ఇంటి మాట

మడ అడవిలో ఉద్యోగానికి మొదట కావలసింది చదువు కాదు, కాళ్ళు. చేరిన కొత్తలో నాకు బూట్లు ఇచ్చారు. మొదటి రోజే ఎడమ బూటు బురదలో ఉండిపోయి కాలు ఒక్కటే పైకి వచ్చింది. ఇక కుడి బూటు మాత్రం ఎందుకని దాన్నీ విప్పి పడవలో పారేశాను. ఆ తర్వాత అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఉత్త కాళ్ళతోనే తిరిగాను. మడచెట్టు వేళ్ళు గాలి పీల్చుకోవడానికి బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకుని ఉంటాయి. వాటి మధ్య ఎక్కడ అడుగు వేయాలో తెలియకపోతే అరికాలికి చిల్లులు పడతాయి. నాకు పడ్డాయి. ఇప్పటికీ చలికాలంలో ఎడమ పాదం నన్ను పలకరిస్తూనే ఉంటుంది.

మాది గుణదల. మేరీమాత కొండ కింద పుట్టి పెరిగినవాణ్ణి. ఉద్యోగంలో చేరేదాకా నేను చూసిన అడవల్లా కొండపల్లి వైపు చిట్టడవే. అలాంటివాణ్ణి సముద్రం ఒడ్డుకి వేశారు. ఈ కబుర్లన్నీ ఇప్పుడెందుకంటే, మా మేనకోడలు ఈ మధ్యే ఫారెస్టు రేంజరుగా సెలక్టయింది. వాళ్ళ ట్రైనింగులో "ప్రజల భాగస్వామ్యం" అని ఒక పాఠం ఉందట. "మావయ్యా, మీ రోజుల్లో ఇది ఉండేదా?" అని అడిగింది. ఉండేది. పేరు పెట్టలేదు, అంతే. ఆ పాఠం నేనూ తిరగేశాను. అందులో ఊరివాళ్ళందరూ మంచివాళ్ళు, అందరూ ఒక్కమాట మీద ఉంటారు. అది రాసినాయన ఏ ఊళ్ళో ఉన్నాడో నాకు తెలియదు. నేను పనిచేసిన ఊరు నత్తలదిబ్బ. దాని సంగతి చెబుతాను.

బోడి నేల

డెబ్బైల మొదట్లో నన్ను రేపల్లె దిగువకి వేశారు. విజయవాడలో రైలెక్కి, తెనాలిలో మారి, రేపల్లెలో దిగితే అక్కడి నుంచి బస్సు, బస్సు ఆగిపోయిన చోటి నుంచి పడవ. పోటు మీదైతే పడవ నడుస్తుంది. పాటు మీదైతే కాలవలో నీళ్ళుండవు, గట్టు మీద కూర్చోవాల్సిందే. ఎన్నింటికి చేరతారని ఇంట్లోవాళ్ళు అడిగితే సముద్రాన్ని అడగమనేవాణ్ణి. మడ పేరెత్తగానే అందరూ దివిసీమ ఉప్పెన గురించి అడుగుతారు. నేను చెప్పేది అంతకు ముందు సంగతి, అదీ కృష్ణకి ఇవతలి ఒడ్డున. ఉప్పెన గురించి చూసినవాళ్ళే చెప్పాలి, నేను చెప్పకూడదు.

నత్తలదిబ్బ చేపలు పట్టేవాళ్ళ ఊరు. తాటాకు గోడలు, పైన వరిగడ్డి కప్పు. మధ్యలో వలలు ఆరేసుకునే చావిడి. ఒక పక్క కాలవ, ఒక పక్క మడ. పక్కన మడ ఉండేది అనాలి. నేను వెళ్ళేసరికి ఊరిని ఆనుకుని ఉన్నంతమేరా బోడి నేలే. నాకంటే చాలాముందు ఎవరో వంటచెరకు కోసం దాన్ని వేలం వేస్తే కంట్రాక్టరు మొదలంటా నరికించాడు. నరికిన చోట దానంతటదే మళ్ళీ మొలుస్తుందని అనుకున్నారు. మొలవలేదు. ఎండకి ఉప్పు పేరుకుని నేల తెల్లబడి, అడుగు వేస్తే అప్పడంలా పగిలేది. పీతలు కనపడటం మానేశాయి. కాలవ గట్టు కోసుకుపోయి పడవలు కట్టుకునే చోటు తగ్గిపోతోంది. రొయ్య కూడా తగ్గిందని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు.

నాకు ముందున్న రేంజరు అక్కడ సరుగుడు నాటించి వెళ్ళాడు. ఎందుకంటే ఆ ఏడు అందరూ సరుగుడు నాటాలని పైనుంచి ఆర్డరు. ఇసుక మీద హాయిగా పెరిగే చెట్టుని రోజూ ఉప్పునీళ్ళు వచ్చిపోయే బురదలో పెడితే ఏమవుతుందో అదే అయింది. మా గార్డు మస్తాన్ ఆ ఎండుపుల్లల్ని చూపించి, "ఒకటి మాత్రం చెప్పుకోవాల సార్. చచ్చినా వరస తప్పకుండా చచ్చినయ్" అన్నాడు. మస్తాన్‌కి పని చెబితే నడుంనొప్పి వచ్చేది. మాట్లాడమంటే మాత్రం ఆరోగ్యంగా ఉండేవాడు.

నాటితే మడకాయే నాటాలి, అందులో అనుమానం లేదు. కానీ లేత మడ ఆకంటే గేదెలకి ప్రాణం. ముళ్ళతీగ వేయించమని అడగడానికి మా డి.ఎఫ్.ఓ. గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ముక్కోపి. ఫైలు విసిరేయడం ఆయనకి దణ్ణం పెట్టినంత సులువు. ఆ రోజు ఎందుకో విసరలేదు.

"ముళ్ళతీగ ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. తుప్పు పట్టేలోపు ఎవడి పెరట్లోనో దడి అవుతుంది. గేదెల్ని ఆపేది తీగ కాదయ్యా దేవసహాయం, గేదెలున్నవాళ్ళు. పోయి వాళ్ళతో కూర్చో" అన్నారు.

సరేనండీ అని లేచాను.

"ఆగు. వాళ్ళతో ఏం ఒప్పందం చేసుకున్నావో నాకు రాసి పంపకు. చట్టంలో లేనిది నా టేబుల్ మీదకి వస్తే నేను వద్దనాలి. నాకు మొక్క కనపడాలి. అంతే."

నా సర్వీసులో నన్ను పొగిడిన పైఅధికారులు ఉన్నారు, నా పేరు పైకి పంపినవాళ్ళు ఉన్నారు. నాకు పని చేసుకునే వీలిచ్చింది మాత్రం ఈయన ఒక్కడే. అమ్మాయ్, ఇలాంటివాడు దొరికితే ఆయన కోపాన్ని పట్టించుకోకు.

పడవకో మాట

నత్తలదిబ్బ పెద్ద నాంచారయ్య. భారీ మనిషి, సన్నటి గొంతు. ఎప్పుడు చూసినా చావిడిలో కూర్చుని వల బాగుచేసుకుంటూ ఉండేవాడు. వల మీంచి తల ఎత్తకుండానే మాట్లాడేవాడు. తల ఎత్తాడంటే ఆ సంగతి తేలిపోయిందని అర్థం.

ఆయనతో చాలాసార్లు కూర్చున్నాను. మొదట్లో చాలా రోజులు నన్ను నమ్మలేదు. నమ్మకపోవడం తప్పేమీ కాదు. నరికించినవాళ్ళూ నాలాగే ఖాకీ బట్టలతో వచ్చి ఉంటారు. చివరికి, రెండు పాయల మధ్య ఉన్న బోడి నేలలో మడకాయలు నాటడానికి, మొక్క మనిషెత్తు పెరిగేదాకా అక్కడ పశువు గానీ కొడవలి గానీ అడుగు పెట్టకుండా ఉండటానికి ఒప్పుకున్నారు. కాపలా ఊరిదే. తప్పు చేసినవాళ్ళ సంగతి చూసేదీ ఊరే.

"ఊరంతా ఒప్పుకున్నట్టేనా నాంచారయ్య గారూ?" అని అడిగాను.

"ఒప్పుకున్నట్టేనండి. మాకు పడవకో మాట. అన్ని పడవలూ సరేనన్నయ్యి" అన్నాడు.

ఆ మాట నాకు తెగ నచ్చింది. పడవలు సరేననడం ఎంత బాగుంది అనుకున్నాను. పడవ లేని ఇంటి సంగతేమిటని నాకు తట్టలేదు. అది చెప్పాల్సిన సంగతని వాళ్ళకీ తట్టలేదు.

వానాకాలం చివర మడకాయలు రాలి పోటు మీద ఒడ్డుకి కొట్టుకొస్తాయి. ఆడా మగా అందరూ తట్టలతో ఏరారు. అట్టకట్టిన ఉప్పుని తవ్వి నీళ్ళు లోపలిదాకా వచ్చిపోయేలా సన్న కాలవలు తీశాం. కాయల్ని బురదలో గుచ్చాం. మస్తాన్ కూడా గుచ్చాడు, మధ్యమధ్య నడుం పట్టుకుని. కొద్ది రోజులకి ఒక్కో కాయా రెండు దళసరి ఆకులు వేసింది. నాకు ఆనందం పట్టలేకపోయింది. గుణదల తిరనాళ్ళకి సెలవు పెట్టి ఇంటికి వెళ్ళి, కొండెక్కి, ఆ మొక్కల కోసం కొవ్వొత్తి వెలిగించాను. మా అమ్మ పక్కనే నిలబడి, నా పెళ్ళి కోసమే వెలిగిస్తున్నానని కళ్ళు తుడుచుకుంది. నేను కాదనలేదు.

ఆ తిరనాళ్ళకి ముందే ఒకటి జరిగింది. పైనున్న మాగాణి ఊళ్ళలో నాట్లు పడ్డాక పశువులు నిలబడేందుకు చోటుండదు, ఎటు చూసినా వరే. అందుకని అక్కడి రైతులు పాలివ్వని గేదెల్నీ ఇంకా ఈనని పడ్డల్నీ మందగా మడలోకి తోలి, కోతలయ్యాక తీసుకుపోయేవాళ్ళు. అందరిలోకీ పెద్ద మంద కోటేశ్వరరావు గారనే ఆసామిది. ఆ పశువుల్ని నత్తలదిబ్బ వాళ్ళే కాసేవాళ్ళు. అందుకు ప్రతిగా కుప్పలు నూర్చినప్పుడు ఊరికి ధాన్యం, ఇళ్ళు కప్పుకునే గడ్డి వచ్చేవి. తాతల నాటి ఏర్పాటు. కార్తీకంలో, కాయలు అప్పుడప్పుడే ఆకు వేస్తున్నప్పుడు, మూసిన చోట ఒక మూలంతా గిట్టల జాడలు చూశాను. ఒకటి రెండు పశువులవి కావు. నాంచారయ్యని అడిగితే వల మీంచి తల ఎత్తాడు.

"కోతలొచ్చినయ్ గదండి. ఎల్లిపోతయ్ లే" అన్నాడు.

వెళ్ళిపోయాయి. పాడైన చోట మళ్ళీ కాయలు గుచ్చాం. ఆ సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నాను.

వెలి

ఎండలు ముదిరాక వేరే చోటి పని చూసుకుని నత్తలదిబ్బ వచ్చాను. పడవ దిగుతుండగానే మస్తాన్ ఎదురొచ్చాడు.

"సార్, మన మొక్కల్లో పడ్డ పడింది. ఊరోళ్ళే పట్టుకున్నారు."

నాకు కోపం రాలేదు, సంతోషం కలిగింది. మనం చెప్పకుండా వాళ్ళే పట్టుకున్నారంటే ఇక మన పని సగం అయినట్టే అనుకున్నాను. "ఏం చేశారు?" అని అడిగాను.

"దాని మనిషిని వెలేశారు సార్."

ఆ మనిషి పేరు తిరుపతమ్మ. భర్త జ్వరంతో పోయి అప్పటికి కొంతకాలం అయింది. పడవ అతని అన్నదమ్ముల చేతికి వెళ్ళింది. ఆమెకి మిగిలింది ఒక పడ్డ. భర్త కోటేశ్వరరావు గారి మందని కాసినందుకు కూలి బదులు వచ్చిన దూడ అది. ఇప్పుడు చూడితో ఉంది. ఈనితే పాలుంటాయి, పాలుంటే ఆమెకి గడుస్తుంది. ఎండాకాలం మేత ఎక్కడా దొరక్క, మూసిన చోట పచ్చగా కనపడితే అది దూరింది. ఆమె చూసి కూడా చూడనట్టు ఊరుకుందని ఊరివాళ్ళ అభియోగం. అది నిజమే అయి ఉంటుంది.

వెలి అంటే పాఠంలో లేదు గనక చెబుతున్నాను. ఎవరూ పలకరించరు. ఆమె పలకరించినా పలకరు. నిప్పు ఇవ్వరు. అన్నిటికంటే కష్టం నీళ్ళది. ఆ ఊళ్ళో బావి తవ్వితే ఉప్పునీళ్ళే పడతాయి. ఇసుక దిబ్బ మీద చేత్తో తవ్విన చెలమలో ఊరేవే తాగే నీళ్ళు. ఎండాకాలంలో ఆడవాళ్ళు వంతుల మీద, కొబ్బరి చిప్పతో కొద్దికొద్దిగా తోడుకుని బిందె నింపుకునేవాళ్ళు. తిరుపతమ్మకి ఆ వంతు తీసేశారు. శ్రావణంలో గంగమ్మ కొలుపు అయ్యేదాకా అన్నారు.

నేను నేరుగా చావిడికి వెళ్ళాను. "నాలుగు మొక్కలు తిన్నందుకు మనిషికి నీళ్ళాపుతారా?" అని గట్టిగానే అడిగాను.

నాంచారయ్యకి కోపం రాలేదు. "తప్పు సంగతి ఊరే చూసుకోమంది మీరే గదండీ" అన్నాడు. "మీరైతే ఏం చేత్తారు? బందెలదొడ్డికి తోల్తారు. రేపు ఇడిపించుకొత్తారు, ఎల్లుండి మళ్ళీ తోల్తారు. ఊరి మాటంటే భయం ఉండాలండి. లేకపోతే మీ మొక్కలుండవు."

ఆయన అన్నది తప్పని ఇప్పటికీ అనలేను. వెలి వేశాక ఏ పశువూ అటు పోలేదు. అదే నన్ను మరీ బాధపెట్టింది. అమ్మాయ్, అడవిని ఊరికి అప్పగించడం అంటే ఊరి మంచితనానికి ఒక్కదానికే అప్పగించడం కాదు. దాని కోపానికీ, దాని పెద్దరికానికీ, దాని భయాలకీ కూడా అప్పగిస్తున్నాం. సర్కారు శిక్షకి ఒక హద్దుంటుంది, పైన అడగడానికి ఒకరుంటారు. ఊరు వేసే శిక్షకి పైన ఎవరూ లేరు.

ఊరి పక్కన ఉన్న మా ఫారెస్టు షెడ్డులో ఒక పీపా ఉండేది. పై కాలవల నుంచి పడవ మీద మంచినీళ్ళు తెచ్చి అందులో పోసుకునేవాళ్ళం. తిరుపతమ్మ ఎప్పుడొచ్చినా నీళ్ళు పట్టుకోనివ్వమని మస్తాన్‌కి చెప్పాను. నాంచారయ్యకి కూడా ఆ మాట చెప్పే చేశాను. "మీ పీపా, మీ ఇట్టం" అన్నాడు.

కేసు రాయనా?

మస్తాన్ ఒక సంగతి చెప్పాడు. ఒక తప్పుకి రెండు శిక్షలు వేయడం ఆ ఊళ్ళో లేదట. ఎవరినైనా పోలీసులు పట్టుకుంటే ఊరు ఇక తన శిక్ష వదిలేస్తుందట. అదే నిజమైతే నేను ఆమె మీద పశువు మేపిన కేసు రాస్తే సరి, వెలి పోతుంది, చెలమలో వంతు వస్తుంది. నా తెలివికి నేనే మురిసిపోతూ వాళ్ళింటికి వెళ్ళాను.

తిరుపతమ్మ ఎక్కడినుంచో తుంగ కోసుకొచ్చి పడ్డకి వేస్తోంది. చిన్న వయసే. పొట్టి మనిషి, మాట మాత్రం తిన్నగా ఉంటుంది. నా ఆలోచన చెప్పాను.

విని, "కేసు రాత్తే నేనేమవుతానండీ?" అంది.

"ఏమీ కావు. కేసులో ముద్దాయివి. ఎవరూ జైల్లో పెట్టరు."

"అడివి దొంగనా?"

"దొంగ అని కాదు. అలాంటి కేసు."

"వొద్దండీ, రాయమాకండి" అంది. "నన్నిప్పుడు మావోళ్ళు వెలేశారు. వెలేసినా నేను నత్తలదిబ్బ దాన్నేగా? మీరు రాశారంటే సర్కారోళ్ళ దొంగనవుతా. రేపు నాకు పుట్టినూరూ లేదు, మెట్టినూరూ లేదు."

"మరి నీళ్ళు?"

"పీపా ఉందిగా. మీ మస్తాన్ సాయిబు సణుగుతాడు గానీ పోత్తాడు."

నేను లేవబోతుంటే అడిగింది. "అయ్యగారూ, మడ మూయటానికి ఊరంతా ఒప్పుకున్నారని మీతో ఎవురన్నారు?"

"నాంచారయ్య. పడవకో మాట చొప్పున అందరూ..."

"మా ఇంటికి పడవేదండీ? మా ఆయన పోయినకాడ్నించీ ఈ ఇంటికి మాట లేదు. నాకే కాదు, పడవ లేని ఏ కొంపకీ లేదు. మాటలోకి రాని ఇంటిని వెలిలోకి ఎట్టా తెచ్చారండీ?"

చదువుకున్నవాణ్ణి, సమాధానం ఏదో ఒకటి చెప్పగలను. కానీ ఆమె నన్ను సమాధానం అడగలేదు. "ఇదే మాట చావిడికాడ అడుగుతా. మీరు ఆ రోజు ఉండండి, చాలు" అంది.

చావిడి దగ్గర

వానలకి ముందు చావిడిలో అందరూ కూర్చుని ఏ పాయలో ఎవరు వల వేయాలో వంతులు తేల్చుకుంటారు. ఆ రోజు నేనూ వెళ్ళి ఒక పక్కన కూర్చున్నాను. తిరుపతమ్మ వచ్చి చావిడి బయట ఎండలో, గుంజ పక్కన నిలబడింది. ఒక్కరూ ఆమె వైపు చూడలేదు. ఆమె అడిగినా ఎవరూ పలకకూడదు. ఇక ఎలా మాట్లాడుతుందా అనుకుంటున్నాను.

ఆమె నా వైపు తిరిగి, "అయ్యగారూ, మీరు ఊరోళ్ళు కాదు గదా, నాతో మాట్లాడొచ్చు. నా తరఫున పెద్దాయన్ని ఒకటి అడగండి" అంది.

నేను నాంచారయ్య వైపు చూశాను. ఆయన వల కుడుతూనే, "అడగమనండి రేంజరు గారూ" అన్నాడు. ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం. ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినపడుతోంది. అయినా ప్రతిదీ నా మీదుగానే పోవాలి. నవ్వు రావాల్సిన చోట నాకు చెమటలు పట్టాయి.

"పడవ లేని ఇంటికి మాట లేదంటే ఆ ఇల్లు ఊళ్ళో లేనట్టేగా? ఊళ్ళో లేనిదాన్ని ఊళ్ళోంచి ఎట్టా వెలేశారో చెప్పమనండి."

అదే మాట నేను తిరిగి చెప్పబోయాను. నాంచారయ్య చెయ్యెత్తి ఆపాడు. వెనకాల పడవ లేని ఇళ్ళ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గుంజ దగ్గర చేరుతున్నారు. చావిడిలో గుసగుసలు మొదలయ్యాయి. "అట్టాగైతే రేపు వలల కాడా అడుగుతారు" అని ఎవరో అన్నారు. నాంచారయ్య వల పక్కన పెట్టి తల ఎత్తాడు.

"చేపల సంగతిలో పడవకో మాటే. అది మారేది కాదు. మడ సంగతికి పడవతో పనేముంది? మడ కాడ ఇంటికో మాట. రేంజరు గారూ, ఆమెకి చెప్పండి."

"వెలి తీసేసినట్టేనా?" అని నేను ఆశగా అడిగాను.

"వెలి వెలేనండి. కొలుపు దాకా అన్నాం, అన్నమాట తీసేది లేదు. ఇప్పుడు ఆమెకి మాటుంది. మడ మూసి ఉంచాల్నో తెరవాల్నో చెప్పమనండి."

తెరవమంటుందనే అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. చూడి పడ్డ ఇంటి దగ్గర డొక్కలు ఎగరేస్తూ ఉంది మరి.

"మూసే ఉంచమనండి" అంది తిరుపతమ్మ. "నా పడ్డ తిన్నది తప్పే. నేను చూసి ఊరుకున్నదీ తప్పే. కానీ కార్తీకంలో కోటేస్పర్రావు గారి మంద తొక్కితే అందరం చూశాం. ఎవురూ నోరెత్తలా. మందనొదిలి పడ్డని పట్టుకునే మూతైతే నాకొద్దు. మూత్తే అందరికీ మూయమనండి."

అక్కడ కూర్చున్న ప్రతివాడి ఇంటి మీదా ఉన్నది ఆ ఆసామి పొలంలో గడ్డే. నాంచారయ్య ఇంటి మీద కూడా. ఆయన మళ్ళీ వల చేతిలోకి తీసుకున్నాడు. ఇక ఇది తేలదనుకున్నాను. నాకు చాలా నిరాశగా అనిపించింది. కొంతసేపటికి ఆయన తల ఎత్తకుండానే, "పైకి కబురు మేం పంపుకుంటాం. మీరు మధ్యలోకి రామాకండి రేంజరు గారూ" అన్నాడు.

మంద

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. బ్యారేజీ నుంచి కాలవలు వదిలారు గనక నాట్లు మాత్రం ఆగలేదు. నత్తలదిబ్బ నుంచి పైకి కబురు వెళ్ళింది. కోటేశ్వరరావు గారు నవ్వి ఊరుకున్నారని విన్నాను. నాట్లు అవ్వగానే మంద ఎప్పటిలాగే బయల్దేరింది.

మందలు మడలోకి రావాలంటే కాలవ దాటాలి. పాటు మీద నీళ్ళు తగ్గినప్పుడు ఒకే ఒక్క చోట రేవు దొరుకుతుంది. నేను వెళ్ళేసరికి ఆ రేవుకి అడ్డంగా ఊళ్ళో ఉన్న పడవలన్నీ ఒకదానికొకటి తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. అవతలి ఒడ్డున గేదెలు. వాటి ముందు గొడుగు వేసుకుని కోటేశ్వరరావు గారు. ఇవతలి ఒడ్డున తిరుపతమ్మ మోకాలి లోతు బురదలో దిగి చివరి పడవ తాడు పట్టుకుని నిలబడి ఉంది. రమ్మని ఎవరూ పిలవలేదు. పలకరించకూడదు గనక పొమ్మని కూడా ఎవరూ అనలేకపోయారు.

"ఏం నాంచారయ్యా, ఈ ఏడు గడ్డి అక్కర్లేదా?" అని అవతలి నుంచి ఆయన కేకేశారు.

"కావాలండి. మడా కావాలండి" అన్నాడు నాంచారయ్య పడవలో నిలబడి. "మీరు మాకు పెట్టినోళ్ళు. మిమ్మల్ని కాదనటం లేదు. మొక్క మనిషెత్తు అయినాక మందని మేమే తోలుకొత్తాం. ఇప్పుడు కాదండి."

"మీ తాత ఇలా మాట్లాడేవాడా?"

"మా తాతకి మడ ఉండేదండి."

ఎండకి తట్టుకోలేక గేదెలు నీళ్ళలోకి దిగాయి. పడవల్లో ఉన్నవాళ్ళంతా తెడ్లతో నీళ్ళని చరిచారు. గేదెలు బెదిరి వెనక్కి మళ్ళాయి, మళ్ళీ దిగాయి, మళ్ళీ చరిచారు. తాడు లాగేస్తుంటే తిరుపతమ్మ దాన్ని నడుముకి చుట్టుకుంది. పోటు వచ్చి రేవు మునిగేదాకా అలాగే సాగింది. ఆ తర్వాత కోటేశ్వరరావు గారు మందని తిప్పుకుని వెళ్ళిపోయారు. నేను, మస్తాన్ గట్టు మీద ఉత్తచేతులతో నిలబడి ఉన్నాం. మధ్యలోకి రావద్దన్నారు గనక పోలేదు.

అన్నట్టుగానే ఆ ఏడు నత్తలదిబ్బకి గడ్డి రాలేదు. కొందరు తాటాకు కప్పుకున్నారు, కొందరి ఇళ్ళు వానంతా కారాయి. ఇదీ పాఠంలో లేదు. అడవిని కాపాడినందుకు అయ్యే ఖర్చు ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంటి మీద పడుతుంది. అది ఎవరి ఇంటి మీద పడుతోందో చూడకుండా సభల్లో చప్పట్లు కొట్టకు. మడ మాత్రం ఎదిగింది. నేను బదిలీ అయ్యేనాటికి నా భుజం దాకా వచ్చింది. తిరుపతమ్మ పడ్డ ఈనింది.

రేవు దగ్గర ఆ రోజు జరిగినదాంట్లో ఇంకొంచెం మిగిలింది.

మంద కనుమరుగయ్యాక పడవల తాళ్ళు విప్పారు. నాంచారయ్య ఒడ్డెక్కి కండువాతో మొహం తుడుచుకుంటూ ఊళ్ళోకి నడిచాడు. వెనకాల అందరం నడుస్తున్నాం. తిరుపతమ్మ ఇంటి ముందుకి రాగానే ఆయన ఆగిపోయాడు. వెలివేసినవాళ్ళ ఇంట్లో పెద్ద మంచినీళ్ళు అడిగితే వెలి పోయినట్టేనట. ఈ సంగతి మస్తాన్ నా చెవిలో చెబుతుండగానే ఆయన తిన్నగా ఆమె మొహంలోకి చూస్తూ అడిగాడు. నేను మధ్యలో లేను.

"అమ్మాయ్, దాహమేత్తంది. కాసిని మంచినీళ్ళియ్యి."

తిరుపతమ్మ కదల్లేదు.

"ఫారెస్టోళ్ళ పీపా నీళ్ళున్నయ్ బాబాయ్" అంది. "మనూరి నీళ్ళు మా ఇంట్లో లేవు."

నాంచారయ్య ఆమె అరుగు మీద బోర్లించి ఉన్న బిందె తీసి భుజాన పెట్టుకుని దిబ్బ మీదకి నడిచాడు. ఆ ఊళ్ళో మగవాడు బిందె ఎత్తడం నేను అంతకు ముందు చూడలేదు. చెలమ దగ్గరున్న ఆడవాళ్ళు లేచి పక్కకి జరిగారు. ఆయన గొంతుక్కూర్చుని చిప్పతో తోడటం మొదలుపెట్టాడు. ఇంకా వాన పడని చెలమ, ఊరడం చాలా నెమ్మది. తిరుపతమ్మ కాళ్ళకున్న బురద కడుక్కుని లోపలికి వెళ్ళి, లోటా తోముకుని తెచ్చి వాకిట్లో నిలబడింది.